నాలుగో చన్ను దూడది

అలియాబాద్ దర్వాజా దాటాక ఎడమచేతి గల్లీలో ఉండే రంగనాయకమ్మ వంటింట్లోకి ఏ వస్తువూ ఊరికే అడుగుపెట్టేది కాదు. ముందు సాక్ష్యం చెప్పుకోవాలి. బియ్యం ఎవరు దంచారు, నూనె ఏ గానుగది, ఆ గానుగవాళ్ల ఇంట్లో పురుడుగానీ చావుగానీ ఏమైనా ఉందా, బెల్లం బుట్ట ఎవరి నెత్తిమీద ఎక్కి వచ్చింది. శాలిబండ నుంచి కూరగాయలు తెచ్చే పుష్పమ్మ, ఈ ఇంటి ముందు గంప దించే ముందు కచేరీలో హాజరు పలకబోతున్నట్టు గొంతు సవరించుకునేది. రంగనాయకమ్మ అడిగేవన్నీ ఎవరు ముట్టుకున్నారన్న ప్రశ్నలే. ఎవరి నోటి దగ్గరిది వచ్చిందన్న ప్రశ్న ఆవిడకు యాభై రెండేళ్లు వచ్చేవరకు తట్టలేదు. తట్టలేదని ఆవిడనొక్కదాన్నే తప్పుపట్టే హక్కు నాకు లేదనుకోండి, మనలో ఎవరికి తట్టింది గనుక.

ఆవిడ భర్త రామానుజం ఆ దగ్గరి చిన్న గుడిలో స్వామికి తళిగ వండే పరిచారకుడు. తళిగ అంటే నైవేద్యం. అభిషేకానికి ఆవుపాలు వేరే వచ్చేవి గానీ, పొద్దున స్వామి ఆరగించే దద్ధ్యోజనం మాత్రం రంగనాయకమ్మ ఇంట్లో తోడుపెట్టిన పెరుగుతోనే కలిపేవాడు. ఆ పెరుగు సంగతి ఎవరైనా మెచ్చుకుంటే ఆవిడ మొహం తిప్పుకునేది, నవ్వు కనపడకుండా.

పాలు రాజమణివి. గౌలిపురాలో ఆమెకూ మొగుడు కొండల్‌కూ మూడు బర్రెలుండేవి. నీళ్లు కలుపుతారన్న అనుమానం లేకుండా, ఆ రోజుల్లో బర్రెనే ఇంటిముందుకు తోలుకొచ్చి కళ్లముందు పిండిపోయేవాళ్లు. రాజమణి తెచ్చే బర్రె పేరు చంద్రి. తెల్లవారుజామున గల్లీలో చంద్రి గిట్టల చప్పుడు, వెనకాల దూడ చప్పుడు వినపడేసరికి రంగనాయకమ్మ బావి దగ్గర తలస్నానం చేసి, తడిచీరతో మడికట్టుకుని గడప లోపల నిలబడి ఉండేది. తోమిన గిన్నె మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగేది. రాజమణి పిండి, గిన్నె మళ్లీ మెట్టు మీద పెట్టి తనూ వెనక్కి జరిగేది. అప్పుడీమె గిన్నె మీద నీళ్లు చిలకరించి లోపలికి తీసుకుపోయేది. పాలకు అంటు లేదని ఏ పెద్దవాళ్లో ఎప్పుడో తేల్చి పుణ్యం కట్టుకున్నారు, లేకపోతే ఆ ఇంట్లో పెరుగన్నం ఉండేదే కాదు.

ఒక్క నియమం మాత్రం గట్టిది. దూడ చచ్చిన గొడ్డు పాలు ఆ గడప దాటకూడదు. అత్తగారి కాలం నుంచీ అంతే. అందుకే రోజూ ఆవిడ మొదటి మాట, "దూడ వచ్చిందా రాజమణీ."

"వచ్చిందమ్మా," అని రాజమణి దూడను ముందు వదిలేది. అది పొదుగును రెండు పోట్లు పొడిచి చప్పరించగానే బర్రె చేపేది, అంటే పాలు చన్లలోకి దించేది. దూడను పక్కకు లాగి కట్టి, మూడు చన్లు పిండి, నాలుగోది దూడకు వదిలేది. గౌలిపురాలో అందరూ అలా వదిలేవాళ్లు కాదు. రాజమణి వదిలేది.

పంతొమ్మిది వందల యాభై నాలుగో సంవత్సరం ఆశ్వయుజంలో, రంగనాయకమ్మ ఒక్కగానొక్క కూతురు నళిని పుట్టింట్లో ప్రసవించింది. మగపిల్లవాడు. పదకొండో రోజున జ్వరంతో నళిని పోయింది. పిల్లను పాడె మీదికి ఎత్తుతుంటే లోపల ఉయ్యాలలో వాడు ఆకలికి ఏడుస్తున్నాడు. రంగనాయకమ్మకు ఏ ఏడుపు వైపు వెళ్లాలో తెలియలేదు. చివరికి లోపలికే వెళ్లింది. కూతురి చివరి చూపు ఆవిడకు దక్కలేదు.

పిల్లవాడు పిడికెడంత ఉన్నాడు. అల్లుడు వరంగల్‌లో గుమాస్తా, వచ్చి ఏడ్చి వెళ్లాడు. ఇంకెవరున్నారు. దవాఖానాలో చూసిన డాక్టరమ్మ, పాలు కాచి నీళ్లు కలిపి పట్టమంది. పెద్దవాళ్లు ఇంకో మాట కలిపారు, పసివాడికి ఒక్క గొడ్డు పాలే పట్టాలని, రెండు గొడ్ల పాలు కలిస్తే కడుపు పాడవుతుందని. కాబట్టి వాడి ప్రాణం చంద్రి పొదుగు మీద ఆధారపడింది. రంగనాయకమ్మ వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోసేది. ఒక్కోసారి వాడు పెదవులు బిగించేసేవాడు. ఆ పెదవులు విడే దాకా ఆవిడ ఊపిరి బిగబట్టి కూర్చునేది.

రెండో నెల రాగానే వాడు తాగడం మొదలుపెట్టాడు. తాగి, ఇంకా కావాలని ఏడ్చేవాడు. ఆ ఏడుపు విని ఆవిడ మొదటిసారి నవ్వింది.

"పాలు చాలుతలేవు రాజమణీ," అంది ఒక పొద్దున. "ఇంకొంచెం పిండరాదు."

"ఎక్కడియమ్మా. తక్కినయి వాడుక ఇండ్లయి. పొద్దుగాల మీకు సేరు ఇస్తనే ఉన్న."

"ఆ నాలుగోది ఉన్నది గదా."

రాజమణి పొదుగు వైపు చూసి, దూడ వైపు చూసింది. "అది దూడదమ్మా."

"పోతుదూడే గదా," అంది రంగనాయకమ్మ.

అంతే అంది. కోపంతో అనలేదు, కఠినంగానూ అనలేదు. మగదూడ పెరిగి పాలివ్వదు, దాన్ని ఎవరూ శ్రద్ధగా పెంచరు, ఊరందరికీ తెలిసిన సంగతే. ఒళ్లో మనవడున్న మనిషి ఆ మాట అనడంలో వింత లేదు. పైగా, రాజమణి నాలుగోదీ పిండిన ఆ రోజు నుంచీ ఆవిడ దూడకని రోజూ ఒక అన్నం ముద్ద మెట్టు మీద పెట్టేది. నెలన్నర దూడ అన్నం తింటుందా అని ఆవిడ ఆలోచించలేదు. ఆ ముద్ద చంద్రే తినేది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆ రోజుల్లో ఆ ఇంట్లోకి వచ్చే పాలల్లో పసివాడు తాగింది పావుసేరుకు మించదు. మిగిలింది తోడుపెట్టేవాళ్లు, మీగడ తీసేవాళ్లు, వెన్న కాచేవాళ్లు. ఇంటిల్లిపాదీ పెరుగు ఒక్క పూట మానుకుంటే వాడికి సరిపోయేవి, వాడికి దండిగా మిగిలేవి. ఆ ఆలోచన రంగనాయకమ్మకు రాలేదు. పెరుగు ఉన్నదే, అది ఎప్పుడూ ఉండేదే. ఇంకా కావలసిన పాలు మాత్రం ఎక్కడి నుంచో రావాలి.

మార్గశిరంలో చలి ముదిరింది. రాజమణి దూడను చంకనెత్తుకుని రావడం మొదలుపెట్టింది.

"ఏమైంది," అని గడప లోపలి నుంచి అడిగింది రంగనాయకమ్మ.

"సలికి వణుకుతున్నదమ్మా. నడుస్తలేదు."

ఇంకొన్ని రోజులకు దూడ మీద గోనెపట్టా కప్పి తెచ్చింది. గోడవారగా, చంద్రి మూతికి అందేలా నిలబెట్టేది. చంద్రి దాన్ని నాకుతూ నిలబడేది, చేపేది, రాజమణి నాలుగు చన్లూ పిండేది. "దూడ వచ్చిందా" అంటే "వచ్చిందమ్మా" అనేది. అది అరిచేది కాదు. గెంతేది కాదు. చీకట్లో, పది మూరల దూరంలో, మడిచీర అంచు గడపకు తగలకుండా పట్టుకుని నిలబడ్డ మనిషికి దూడ ఆకారం ఒకటి కనపడేది, ఆవిడకు అంతే చాలు. రెండడుగులు వేస్తే తెలిసేది. రెండడుగులు వేస్తే మడి పోతుంది.

ఫాల్గుణం వెళ్లి తెల్లవారుజామున వెలుగు పెరిగాక, రాజమణి ఇంకా పెందలాడే రావడం మొదలుపెట్టింది. ఎంత బుద్ధిమంతురాలో అని రంగనాయకమ్మ పక్కింటి నాగమణమ్మతో చెప్పుకుని మురిసింది.

పిల్లవాడు నిలబడ్డాడు. బుగ్గలు వచ్చాయి. బోర్లాపడి తల ఎత్తి చూసేవాడు, అచ్చం నళిని చూపే. చైత్రంలో అన్నప్రాశనకు ముహూర్తం పెట్టారు. ఆ పొద్దున రంగనాయకమ్మ ముందే పరమాన్నం వండింది. వండుతుంటే ఆవిడకు ఏడుపొచ్చింది, తరవాత కృతజ్ఞత ముంచుకొచ్చింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియని కృతజ్ఞత. స్వామికి రోజూ చెప్పుకుంటూనే ఉంది. ఈ రోజు ఆ దూడకు చెప్పుకోవాలనిపించింది. వాడి కోసం ఒక చన్ను వదులుకున్న దూడ కదా అనుకుంది. పసుపు, కుంకుమ, విస్తరాకులో ఇంత పరమాన్నం పెట్టుకుని, ఎన్నడూ లేనిది, గడప దాటి మెట్లు దిగింది.

రాజమణి చెయ్యి పొదుగు మీదే ఆగిపోయింది. "అమ్మా, రాకుండ్రి. మడి మైలవడతది."

"పడనీ. మళ్లీ స్నానం చేస్త."

"దూడ పొడుస్తదమ్మా."

"నా మనవణ్ణి బతికించింది, నన్ను పొడుస్తదా," అని నవ్వుతూ గోనెపట్టా పక్కకు తీసి, నుదుటి మీద కుంకుమ పెట్టబోయింది.

వేలి కింద చర్మం ఎండిపోయి గరగరలాడింది. లోపల ఏమీ లేదు, ఎండుగడ్డి కదిలింది. కళ్లుండాల్సిన చోట దారం కుట్లు ఉన్నాయి. కాళ్లు కట్టెపుల్లలు. చంద్రి నాకి నాకి మెడ దగ్గర వెంట్రుకలన్నీ ఊడిపోయి, అక్కడ తోలు నున్నగా మెరుస్తోంది.

రంగనాయకమ్మ చెయ్యి తీయలేదు. తీయాలని తెలుసు. చచ్చిన గొడ్డు తోలుకన్నా పెద్ద మైల ఆవిడ ఎరిగిన లోకంలో లేదు. అయినా చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఎప్పుడు," అంది.

రాజమణి లేచి నిలబడి, తల వంచుకుంది. "మార్గశిరంలనే. మీరు నాలుగోది అడిగిన పన్నెండో దినం. ఒక్కపూట కుడితి పట్టి చూసిన, తాగలె. బక్కగయ్యి ఒక మూలకు పండుకున్నది, లేవలె."

"నాకెందుకు చెప్పలేదు."

"జెప్తే మీరు పాలు బందు పెడుతరు. దూడ సచ్చిన బర్రె పాలు మీ ఇంట్ల నడువయి గదా. పసిపోరనికి ఇంకో బర్రె పాలు పడతయో పడవో." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దూడ లేకపోతె చంద్రి చేపది. ఆ మాపటికి ఒక్క చుక్క ఇయ్యలె, ఒర్లుకుంట నిలవడ్డది. గా రాత్రే మా కొండల్ తోలు ఒలిపిచ్చి గడ్డి కుక్కిచ్చిండు. అమ్మా, ఒకని తల్లి పాయె, ఒకదాని బిడ్డ పాయె. ఇద్దర్ల ఒక్కలన్న బతకాలె గదా అనుకున్న. తప్పయితే కొట్టుండ్రి."

లోపల పిల్లవాడు లేచాడు. ముందు సణిగి, తరవాత ఏడుపు అందుకున్నాడు. ఆకలి ఏడుపు. రంగనాయకమ్మ ఆ ఏడుపును వెయ్యి ఏడుపుల్లో గుర్తుపట్టగలదు. చంద్రి మెడ చాచి, ఆవిడ చేతినీ దూడ నుదుటినీ కలిపి నాకింది. నాలుక వెచ్చగా, గరుకుగా ఉంది. పొదుగు లోంచి పాలు వాటంతట అవే బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

"పిండు," అంది రంగనాయకమ్మ.

ఇద్దరిలో ఎవరూ ఎవరి మొహం చూసుకోలేదు. చంద్రి నాకుతుంటే ఆ గడ్డి దూడ పక్కకు ఒరిగింది. రంగనాయకమ్మ దాన్ని రెండు చేతులతో నిటారుగా పట్టుకుంది, గిన్నె నిండేదాకా.

ఆ రోజు అన్నప్రాశన జరిగింది. ఆవిడ మళ్లీ స్నానం చేసింది, అందరికీ వడ్డించింది, నవ్వమన్నప్పుడు నవ్వింది. బంధువులు వెళ్లిపోయాక భర్తను పెరట్లోకి పిలిచి అంతా చెప్పింది. తిడతాడనుకుంది. ప్రాయశ్చిత్తం ఏమిటో చెప్తాడనుకుంది. తిడితే బాగుండుననే అనుకుంది. రామానుజం బావి గట్టు మీద కూర్చుని, లోపల ఉయ్యాలలోని మనవడి వైపు చూశాడు.

"రేపటి నుంచి స్వామికి ఈ పెరుగు వద్దు, గుడి ఆవు పాలు తోడుపెడదాం," అన్నాడు. "వాడికి మాత్రం ఆపకు. ఈ మాట మన ఇద్దరి మధ్యనే ఉండనీ."

స్వామికి మాన్పించి మనవడికి మాన్పించని ఆ మనిషిని ఏమనాలో నాకు తెలియదు. ఏమీ అనబుద్ధి కాదు.

రంగనాయకమ్మ పెరుగు మానేసింది. మజ్జిగ, నెయ్యి, వెన్న అన్నీ మానేసింది. చారన్నంతో లేచిపోయేది. కూతురు పోయిన దుఃఖంతో పట్టిన వ్రతమని గల్లీ వాళ్లు గౌరవంగా చెప్పుకున్నారు. అలా గౌరవించినప్పుడల్లా ఆవిడ లోపల చచ్చిపోయేది.

ఆ మరుసటేడు మాఘంలో చంద్రి మళ్లీ ఈనింది. వట్టిపోయినప్పుడు అమ్మేద్దామని కొండల్ అన్నా, రాజమణి పడనివ్వలేదు. మళ్లీ పోతుదూడే. నల్లగా, తడిచెవులతో, కాళ్లు తడబడుతూ గల్లీలోకి వచ్చింది. రంగనాయకమ్మ గడప దాటి వెళ్లి దాని వీపు నిమిరింది. వెచ్చగా, లోపల గుండె కొట్టుకుంటూ ఉంది.

"మా ఇంటికి పావుసేరే చాలు, పిల్లవాడికి మట్టుకే," అంది. "నాలుగోది పిండవద్దు. దూడకు విడువు."

రాజమణి తల అడ్డంగా ఊపింది. "మీరు ఇడిసిన పాలు దూడకు రావమ్మా. లాల్‌దర్వాజకాడ కొత్తిల్లు ఒకటి అడుగుతున్నది, మా ఆయన ఒప్పుకున్నడు. ఈడ మీరు తాగకుంటె ఆడ ఆల్లు తాగుతరు."

"ఈ గడప ముందు మాత్రం విడువు. నేను చూస్త."

అలా ఆవిడ మెట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టింది, మడి లేదు, తడిచీర లేదు. దూడ నాలుగో చన్ను పట్టుకుని తోక ఊపుతూ తాగుతుంటే, అది మూతి తీసేదాకా కదిలేది కాదు. రాజమణి తొందరపడితే "ఆగు, ఇంకా తాగుతున్నది" అనేది. మనవడు అప్పటికి నడుస్తున్నాడు. వచ్చి అమ్మమ్మ భుజం పట్టుకుని నిలబడి, దూడను చూసి చప్పట్లు కొట్టేవాడు. ఆ నెల రోజులూ ఆవిడ మొహంలో కొంచెం తేటదనం కనపడిందని నాగమణమ్మ అంటుంది. ఈ ఒక్కదాన్నైనా బతికించుకుంటే చాలునని ఆవిడ స్వామికి రోజూ దణ్ణం పెట్టుకునేది. ఇంతకన్నా ఆవిడ ఏమీ కోరలేదు.

కానీ చంద్రి ఆవిడ గడప ముందు ఉండేది పొద్దున ఒక్క ఘడియ. తక్కిన ఇళ్లున్నాయి, సాయంత్రం ఉంది, కొండల్ ఉన్నాడు. దూడ డొక్కలు లోపలికి పోవడం ఆవిడకు కనపడుతూనే ఉంది. "అన్ని ఇండ్లల్ల మీలెక్క కూసుండే మనిషి ఉండాలె గదమ్మా," అంది రాజమణి ఒకసారి, తన తప్పు ఏదో ఒప్పుకుంటున్నట్టు. రంగనాయకమ్మ లాల్‌దర్వాజా ఇంటికి కూడా వెళ్లి చెప్పింది. అక్కడి ఇల్లాలు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "దూడ సంగతి మాకేం తెలుసు పిన్నిగారూ, మేము పాలు మాత్రమే పోయించుకుంటాం" అంది. అది అబద్ధం కాదు.

ఫాల్గుణంలో ఒక పొద్దున గల్లీలో చంద్రి గిట్టల చప్పుడు ఒక్కటే వినపడింది. రంగనాయకమ్మ మెట్టు మీద నుంచి లేచింది. రాజమణి మలుపు తిరిగి వచ్చింది. ఈసారి గోనెపట్టా కప్పలేదు. దాచే ప్రయత్నమే చేయలేదు. చంకలో బిగుసుకుపోయిన నల్లటి ఆకారం, కొత్త కుట్లు, కడుపు దగ్గర బయటికి పొడుచుకొచ్చిన గడ్డిపరకలు. దాన్ని గోడవారగా నిలబెట్టి, దూరంగా జరిగి నిలబడింది. చంద్రి వచ్చి దాన్ని నాకసాగింది.

రంగనాయకమ్మ చేతిలో గిన్నె ఉంది. ఇన్నాళ్లూ తెలియక జరిగిందని మనసులో ఒక మూల చెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు చెప్పుకోవడానికి ఏమీ లేదు. గిన్నె లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకోవచ్చు. వేసుకుంటే ఆ పాలు మలుపు తిరిగి ఇంకో ఇంటికి పోతాయి. ఆవిడ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

ఇంట్లోంచి పిల్లవాడు నిద్రమొహంతో నడిచి వచ్చాడు. గోడవార దూడను చూసి చప్పట్లు కొట్టాడు. తరవాత అమ్మమ్మ చీర పట్టుకుని లాగాడు.

"అమ్మమ్మా, పాలు," అన్నాడు.

రంగనాయకమ్మ మెట్లు దిగి వెళ్లి గిన్నె రాజమణి చేతికిచ్చింది.